బొమ్మ కంటే ముందు గోడ: రాతి చిత్రాల దగ్గర ఏం చూడాలి, ఎలా చూడాలి

రాతి బొమ్మల కోసం మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కా చేరినవాళ్లు ముందు గుహ కోసం వెతుకుతారు. చీకటి సొరంగం, దివిటీలు ఊహించుకుని వచ్చిన కళ్లకు అక్కడ కనిపించేది వేరు: ముందుకు చొచ్చుకొచ్చిన ఇసుకరాతి బండలు, వాటి కింద నీడ, ఆ నీడలో గోడ. గాలి తగులుతుంది, ఏటవాలు ఎండ పడుతుంది, వాన జల్లు కొడుతుంది. దీన్ని శిలాశ్రయం అనాలి. మన దేశంలో ప్రాక్‌చరిత్ర కాలపు బొమ్మలు దాదాపు అన్నీ ఇలా పాము పడగలా వంగిన బండల కిందే ఉన్నాయి. కేరళలోని ఎడక్కల్ ‘గుహలు’ కూడా గుహలు కావు. కొండ చీలికలో ఒక పెద్ద రాయి ఇరుక్కుని పైకప్పులా నిలిచిపోయింది, అంతే. ‘నడుమ రాయి’ అని పేరే చెబుతోంది. అక్కడున్నవి రంగు బొమ్మలు కూడా కావు, రాతిలో చెక్కిన గీతలు.

ఇది మాటల గొడవ కాదు. ఏ వేళకు వెళ్లాలి, ఏ దీపం పట్టుకెళ్లాలి, మనం దగ్గరికి వెళ్తే బొమ్మకు ఏమవుతుంది అన్నవన్నీ అది గుహా, శిలాశ్రయమా, రాయి సున్నపురాయా, ఇసుకరాయా అన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి. బొమ్మల గురించి చదువుకుని వెళ్లేవాళ్లు చాలామందే. గోడ గురించి తెలుసుకుని వెళ్లేవాళ్లు తక్కువ. కానీ బొమ్మ ఇన్ని వేల ఏళ్లు నిలిచినా, ఇరవై ఏళ్లలో చెరిగిపోయినా కారణం గోడలోనే ఉంటుంది.

ఊపిరి చేసే పని

ఫ్రాన్స్‌లోని లాస్కో అసలైన గుహ, సున్నపురాతిది. 1940 సెప్టెంబరులో బయటపడింది. 1948లో జనానికి తెరిచారు. 1955 నాటికి రోజుకు 1,200 మంది దాకా లోపలికి వెళ్తున్నారు. 1963లో మూసేశారు. ఆ పదిహేనేళ్లలో గోడలకు రెండు జబ్బులు పట్టాయి. ఒకటి నాచు పట్టి పచ్చబడటం, రెండోది సున్నపు స్ఫటికాలు తెల్లగా పేరుకోవడం. ఎవరో గీకడం వల్లో, తాకడం వల్లో కాదు, ఊపిరి వల్ల.

ఊరికే నిలబడిన మనిషి గంటకు సుమారు 20 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. వంద వాట్ల బల్బంత వేడి ఇస్తాడు. ఊపిరితో, చెమటతో తేమ సరేసరి. గాలి ఆడని గుహలో ఆ తేమ చల్లటి గోడ మీద నీటి బొట్లుగా దిగుతుంది. అందులో వాయువు కరిగి పలచటి ఆమ్లమవుతుంది, రాతిలోని సున్నాన్ని కొద్దికొద్దిగా తింటుంది. నీరు ఆరినప్పుడు కరిగిన సున్నం మరోచోట, ఒక్కోసారి బొమ్మ మీదే, తెల్లటి పొరగా గడ్డకడుతుంది. దీపాల వెలుగు చాలు, నాచు పెరగడానికి. గుహ మూసేశాక కూడా కథ ముగియలేదు. 2001లో లోపల తెల్ల బూజు విరుచుకుపడింది. ఒకసారి చెడిన తేమ లెక్క మళ్లీ పాత స్థితికి రావడం అంత తేలిక కాదు.

అందుకే 1994 డిసెంబరులో ఫ్రాన్స్‌లోనే షోవే గుహ బయటపడినప్పుడు దాన్ని జనానికి అసలు తెరవనే లేదు. పక్కనే కట్టిన నకలు 2015 నుంచి చూపిస్తున్నారు. లాస్కోకు 1983లో ఒక నకలు, 2016లో మరింత పెద్దది వచ్చాయి. స్పెయిన్‌లోని అల్తామిరాదీ అదే దారి. నకలు చూడటం చిన్నతనం అనుకునేవాళ్లు ఉన్నారు. మొదటిసారి చూసేవాళ్లకు నకలే మేలు. గోడ ఎత్తుపల్లాలు కూడా దించి చేసినవి కాబట్టి, రాతి ఉబ్బునే అడవిదున్న వీపుగా ఎలా వాడుకున్నారో తీరిగ్గా నిలబడి చూడొచ్చు. అసలు గుహలో కాపలావాళ్లు అంతసేపు నిలబడనివ్వరు. అసలైనవే చూడాలనుకుంటే ఫ్రాన్స్‌లో ఫాన్-ద్-గామ్, నియో, పెష్-మెర్ల్ వంటి గుహలు ఇంకా తెరిచే ఉన్నాయి. రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి పంపుతారు కాబట్టి ముందుగా పేరు రాయించుకోకుండా వెళ్తే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. నియోలో కరెంటు దీపాలు లేవు. చేతి టార్చి పట్టుకుని తడి నేల మీద అరకిలోమీటరుకు పైగా నడిస్తే గానీ బొమ్మల గది రాదు. నున్నటి అడుగున్న బూట్లు వేసుకొచ్చినవాళ్ల దృష్టంతా ఆ నడకలో పాదాల మీదే ఉంటుంది.

శిలాశ్రయంలో ఊపిరి బెడద లేదు. గాలి ఆడుతుంది కాబట్టి పదిమంది నిలబడ్డా గోడకు పట్టదు. బదులుగా ఎండ, వాన, దుమ్ము, చెదలు, కందిరీగల మట్టిగూళ్లు, అన్నిటికీ మించి మనిషి చెయ్యి ఉన్నాయి.

వెలుతురు, వేళ

ఎండలోంచి నేరుగా బండ కిందికి వచ్చినవాళ్లకు మొదటి రెండు మూడు నిమిషాలు గోడ ఖాళీగా కనిపిస్తుంది. కంటిపాప సర్దుకోలేదు. ‘ఏమీ లేదు’ అనుకుని తర్వాతి బండకు వెళ్లిపోయేది ఇక్కడే. నల్లకళ్లద్దాలు తీసేసి, బయటి ఎండ కంట పడకుండా గోడవైపు తిరిగి, పది నిమిషాలు కదలకుండా ఉంటే గోడ మీద ఎర్రమచ్చలు ఒక్కొక్కటే కాళ్లూ కొమ్ములూ అవుతాయి. లోతైన గుహలోనైతే కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

రంగు బొమ్మకు నేరు ఎండ పనికిరాదు. రాతి గరుకు మీద మెరుపు ఎక్కువై రంగు వెలవెలబోతుంది. బండ ముఖం తూర్పుకు ఉంటే ఎండ దాటిపోయాక, పడమరకు ఉంటే పొద్దున్నే చూడాలి. అన్నిటికన్నా మంచి వెలుతురు ఒకటుంది: ముందరి నేల మీద ఎండ కాస్తూ, గోడ నీడలో ఉన్నప్పుడు నేల నుంచి ఎగజిమ్మే మెత్తటి వెలుగు. మబ్బు పట్టిన రోజు కూడా బాగుంటుంది.

చెక్కిన గీతలకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఎడక్కల్ లాంటి చోట వెలుగు గోడను రాసుకుంటూ పక్క నుంచి రావాలి. అప్పుడే గీతలో నీడ నిలుస్తుంది. ఎదుట నుంచి టార్చి వేస్తే గీత మాయమవుతుంది. టార్చిని పక్కకు పట్టి, గోడకు సమాంతరంగా మెల్లగా తిప్పి చూడాలి.

వాన వెలిసిన మర్నాడు వెళ్తే ఒక తమాషా కనిపిస్తుంది. తడిసిన రాయి మీద ఎర్రబొమ్మలు ముదురుగా లేస్తాయి, తెల్లబొమ్మలు మాయమవుతాయి. తెల్లరంగు తెల్లమన్నుతో చేసింది. ఆ పొడి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపే అది తెల్లగా కనిపిస్తుంది. నీరు చేరితే రాయి రంగే పైకి కనిపిస్తుంది. ఆరాక తెలుపు తిరిగొస్తుంది.

మరకా, రంగా?

గోడ మీద ఎర్రగా ఉన్నదంతా బొమ్మ కాదు. ఇసుకరాతిలో ఇనుము ఉంటుంది. నీరు ఊటెక్కిన చోట అది తుప్పులా బయటికొస్తుంది. ఇలాంటి సహజ మరకలకు లక్షణాలు మూడు: పై నుంచి కిందికి జారతాయి, పగుళ్ల వెంబడే నడుస్తాయి, అంచు మెల్లగా పలచబడి కలిసిపోతుంది. వేసిన రంగు పగులును లెక్కచేయదు, దాటుకుని పోతుంది. గీత వెడల్పు చాలా దూరం ఒకేలా ఉంటుంది, చివర ఆగుతుంది. నారింజ, పసుపు మచ్చలు గోడకన్నా కొంచెం ఉబ్బెత్తుగా, పొలుసులు పొలుసులుగా ఉంటే అది రాతిపూత, జీవమున్నదే. నల్లటి నిలువు చారలు సాధారణంగా నీరు పారిన జాడలు.

అసలు రంగుల లెక్క చిన్నదే. ఎరుపు, ఇనుప ఖనిజమైన జేగురు. పసుపు కూడా ఇనుపమన్నే, కాలిస్తే అదే ఎర్రబడుతుంది. నలుపు బొగ్గు గానీ మాంగనీసు గానీ. తెలుపు తెల్లమన్ను. భీమ్‌బేట్కాలో ఎరుపు, తెలుపు ఎక్కువ. ఆకుపచ్చ, పసుపు అక్కడక్కడా. ఎరుపే ఎక్కువ మిగలడానికి కారణం అప్పటివాళ్ల ఇష్టం ఒక్కటే కాకపోవచ్చు. జేగురు నూరితే సన్నటి పొడి అవుతుంది, రాతి రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటుంది. తెలుపు మందంగా పైపైన నిలుస్తుంది, పెచ్చులూడిపోతుంది. మిగిలిన ఎరుపును చూసి ‘వాళ్లకు ఎరుపే తెలుసు’ అనడం తొందరపాటు.

ఇక ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం. జంతువుల బండ అని పేరుపడ్డ భీమ్‌బేట్కా నాలుగో శిలాశ్రయంలో ఏనుగులు, దుప్పులు, దున్నలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి. ముందు మూడు మీటర్ల దూరంలో నిలబడి మొత్తం చూడాలి. తర్వాత రెండు రంగులు ఒకదాన్నొకటి దాటే చోటు ఎంచుకోవాలి. ఉదాహరణకు తెల్లటి కాలు ఎర్రటి వీపును దాటే మూల. తెల్ల గీత తెగకుండా పోయి, దాని కింద ఎరుపు ఆగిపోయినట్టు కనిపిస్తే తెలుపు తర్వాత వేసింది. ఎర్ర గీత తెలుపు మీద సన్నటి తెరలా సాగితే ఎరుపు తర్వాతిది. ఒక్క దాటు చూసి తేల్చకూడదు. ముదురు రంగు కింద ఉన్నా పైకి తన్నుకొచ్చినట్టు కన్ను మోసం చేస్తుంది, మూడు నాలుగు చోట్ల సరిపోవాలి. ఇందుకు రెండు మీటర్ల దగ్గరి వస్తువును కూడా పట్టగల బైనాక్యులర్స్ ఉంటే గోడకు ముక్కు ఆనించాల్సిన పని ఉండదు. పైకప్పు బొమ్మలకు మెడనొప్పీ తప్పుతుంది.

వస్తువులను బట్టి కూడా వరస తెలుస్తుంది. ఒళ్లంతా గళ్లూ వంపుగీతలూ నింపిన జింకలు వేటగాళ్ల కాలానివి. గుర్రమెక్కి కత్తి పట్టినవాడు చాలా తర్వాతివాడు, చరిత్ర యుగంవాడు. రెండూ ఒకే గోడ మీద ఉన్నాయంటే ఆ గోడను వేల ఏళ్ల పాటు వాడారన్నమాట.

చేతి గుర్తుల దగ్గర తికమక ఎక్కువ. చేతికి రంగు పూసి అద్దితే అది ముద్ర. చెయ్యి గోడకు ఆనించి చుట్టూ రంగు ఊదితే మధ్యలో ఖాళీ చెయ్యి మిగులుతుంది, అది అచ్చు. అర్జెంటీనాలోని కుఎవా దె లాస్ మానోస్ గోడ నిండా ఉన్నవి ఇలాంటి అచ్చులే, ఎక్కువ భాగం ఎడమచేతులు. కుడిచేత్తో గొట్టం పట్టుకుని ఊదారని అనుకోవడానికి ఆధారం అదే.

పైకి చూడటం మరిచిపోకూడదు. 1879లో అల్తామిరాలో సౌతుఓలా అనే భూస్వామి నేల తవ్వుతూ రాతి పరికరాలు వెతుకుతుంటే పైకప్పు మీది దున్నలను చూసింది ఆయన ఎనిమిదేళ్ల కూతురు. అవి అంత పాతవంటే పండితులు నమ్మలేదు. వాళ్లలో ఒకడైన కార్తయాక్ 1902లో తప్పు ఒప్పుకునే నాటికి సౌతుఓలా చనిపోయి పద్నాలుగేళ్లు. మన దగ్గర మీర్జాపూర్ కొండల్లో పురావస్తు పరిశోధకుడు కార్లైల్ 1867-68లోనే రాతి బొమ్మలు గుర్తించాడు, అల్తామిరా కంటే ముందే. ఆ సంగతి గైడ్ల నోట వినపడటం అరుదు.

బోర్డు మీది సంవత్సరాలు

‘లక్ష ఏళ్ల నాటి బొమ్మలు’ అని ఎవరైనా అంటే, ఆ లక్ష దేనిదని అడగాలి. భీమ్‌బేట్కాలో మనిషి నివసించిన జాడలు లక్ష ఏళ్లకు పైబడినవి. బొమ్మల్లో ఎక్కువ భాగం మధ్యశిలాయుగం నుంచి చరిత్ర కాలం దాకా వేసినవి. కింద దొరికిన రాతి గొడ్డలి వయసును పైనున్న జింకకు అంటగట్టడం పాత అలవాటు.

జేగురులో కర్బనం లేదు కాబట్టి రేడియోకార్బన్ పద్ధతి పనిచేయదు. బొగ్గుతో గీసినవాటికే పనిచేస్తుంది. సున్నపురాతి గుహల్లో బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరలో యురేనియం, థోరియం నిష్పత్తి కొలుస్తారు. వచ్చేది ఆ పొర వయసు. బొమ్మ దానికంటే పాతది అని మాత్రమే తేలుతుంది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో లెయాంగ్ కరంపువాంగ్ బొమ్మకు 2024లో ప్రకటించిన 51,200 ఏళ్లు అలాంటి కనీస వయసే. ఇసుకరాతి మీద ఇలాంటి సున్నపు పొర దొరకడం కష్టం. అందుకే మన బొమ్మల వయసులు ఎక్కువగా శైలిని, వరసను బట్టి వేసిన అంచనాలు. ఆస్ట్రేలియాలో మరో దారి పట్టారు. బొమ్మ కింద, పైన ఉన్న కందిరీగ గూళ్ల మట్టిలోని బొగ్గు తునకల వయసు కట్టి, ఒక కంగారూ బొమ్మ సుమారు 17,300 ఏళ్లదని 2021లో తేల్చారు. గోడ మీది మట్టిగూడును చెత్త అనుకుని గోకేస్తే గడియారాన్ని విరగ్గొట్టినట్టే.

నీళ్లు చల్లితే ఏమవుతుంది

మసకబారిన బొమ్మ మీద సీసాలో నీళ్లు చల్లి ‘చూడండి, ఎలా లేచిందో’ అని చూపించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ క్షణానికి నిజంగానే లేస్తుంది. ఆ తర్వాత జరిగేది ఎవరూ నిలబడి చూడరు. నీరు రాతి రంధ్రాల్లోకి దిగి లోపలి ఉప్పును కరిగిస్తుంది. ఎండకు ఆ నీరు మళ్లీ పైకొచ్చి ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం రంగు వెనకే స్ఫటికాలుగా మిగులుతుంది. స్ఫటికం పెరిగేకొద్దీ పై పొరను ముందుకు నెడుతుంది. పదిసార్లు తడిసి ఆరాక ఒకరోజు చింతాకంత పెచ్చు ఊడి నేల మీద పడుతుంది, దాంతో పాటు జింక కన్ను పోతుంది. ఊడిన చోట రాయి తాజాగా, లేతరంగులో ఉంటుంది. గోడ మీద అలాంటి లేత మచ్చలు బొమ్మల చుట్టూనే ఎక్కువగా ఉంటే అక్కడ జరిగింది తేలిగ్గానే ఊహించవచ్చు.

సుద్దముక్కతో అంచులు దిద్దడం, నూనె రాయడం, కొవ్వొత్తి దగ్గరగా పట్టడం, బండ కింద వంట చేయడం కూడా ఈ కోవవే. నూనె దుమ్మును పట్టుకుని నల్లగా బిగుస్తుంది, మళ్లీ తీయడం కుదరదు. చేతిజిడ్డూ అంతే. ఒక్కరి వేలితో ఏమీ కాదన్నది నిజమే, కానీ వేలు పెట్టే చోటు అందరిదీ ఒకటే. అందేంత ఎత్తులో, బొమ్మ మధ్యలో.

వీపు సంచి సంగతి ఎవరూ చెప్పరు. ఇరుకు బండ కింద మనిషి తిరిగినప్పుడు వెనకున్న సంచి జిప్పు గోడను గీకుతుంది, తిరిగినవాడికి తెలియనే తెలియదు. బండ కిందికి వెళ్లే ముందు సంచి ముందుకు తగిలించుకోవాలి, లేదా బయటే పెట్టాలి. ఇనుప మొనల చేతికర్రా అంతే. గోడకు కనీసం చాచిన చెయ్యంత దూరం ఉండాలి, కాళ్లు ఈడ్చకూడదు. నేల మీది సన్నటి దుమ్ము లేచి నేరుగా వెళ్లి కూర్చునేది బొమ్మ మీదే.

ఫోటో

ఫ్లాష్ వద్దనడానికి చెప్పే కారణం సాధారణంగా ‘రంగు వెలిసిపోతుంది’ అని. జేగురు ఖనిజం, వెలుగుకు అంత తేలిగ్గా వెలవదు. చీకటి గుహలో వెలుగు నాచుకు మేత అన్నది అసలు కారణం. శిలాశ్రయంలోనైతే ఫ్లాష్ వల్ల ఫోటోయే పాడవుతుంది. ఇసుకరాతి మీద సహజంగా ఏర్పడిన సన్నటి సిలికా పొర అద్దంలా మెరిసి బొమ్మను మింగేస్తుంది.

రబ్బరు కాళ్ల స్టాండు, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ఫోటో) చాలు. ఫోన్ తనంతట తాను రంగులు దిద్దే సదుపాయం ఆపేయాలి. పది సెంటీమీటర్ల కొలపట్టీ బొమ్మ పక్కన చట్రంలో కనపడేలా పట్టుకోవాలి, గోడకు ఆనించకూడదు. ఒక ఫోటో మొత్తం గోడది, ఒకటి బొమ్మది, ఒకటి వివరానిది. మొదటిది తీయకపోతే ఏడాది తర్వాత మిగతా రెండూ ఎక్కడివో తెలియవు.

కంటికి అందని బొమ్మల కోసం జాన్ హార్మన్ తయారుచేసిన డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. గోడ రంగుకూ బొమ్మ రంగుకూ ఉన్న పిసరంత తేడాను సాగదీసి చూపిస్తుంది. ఎరుపుకు ఎల్‌ఆర్‌ఈ, వైఆర్‌ఈ అమరికలు, నలుపుకు వైబీకే. నీళ్లు చల్లడానికి ఇది అసలైన ప్రత్యామ్నాయం. ఒక హెచ్చరిక మాత్రం: బాగా కుదించిన జేపెగ్ ఫోటో ఇస్తే చతురస్రపు గళ్లు లేస్తాయి, వాటిని చూసి జాలీ బొమ్మ దొరికిందని సంబరపడినవాళ్లున్నారు. ఇనుప మరకను కూడా ఇది బొమ్మంత ఎర్రగానే చూపిస్తుంది. తేల్చాల్సింది మళ్లీ గోడ దగ్గర నిలబడే.

తేనెటీగలు, మిగతావి

బండ కప్పుల కింద అసలు కాపురస్తులు కొండ తేనెటీగలు. భీమ్‌బేట్కాలో సభామంటపం అని పిలిచే పెద్ద బండ కప్పు మీద 55 కోట్ల ఏళ్ల నాటి డికిన్సోనియా అనే జీవి శిలాజం ఉందని 2021లో శాస్త్ర పత్రికలో వచ్చింది. 2023కల్లా అది పాడుబడ్డ తేనెపట్టు మిగిల్చిన గుర్తేనని తేలింది. నిపుణులనే బోల్తా కొట్టించిన పట్టు అది, బతికున్న పట్టు విషయంలో మనం జాగ్రత్తగా ఉండొద్దూ! అత్తరు, డియోడరెంట్, పొగ, డ్రోన్ చప్పుడు, గట్టి అరుపులు వాటిని రేపుతాయి. ఒకటి రెండు ఈగలు ముఖం చుట్టూ తిరుగుతూ తల మీద కొడుతున్నాయంటే అది హెచ్చరిక, చేతులు ఊపకుండా వెనక్కి నడవాలి. మూకుమ్మడిగా లేస్తే ముఖం కప్పుకుని ఆగకుండా పరుగెత్తి కారులోకో గదిలోకో చేరాలి. నీళ్లలో దూకితే తల పైకెత్తే దాకా కాచుకుని ఉంటాయి.

లోతైన గబ్బిలాల గుహలో ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, మాస్కు లేకుండా లోపలికి పోకూడదు. మనిషికి మూడు దీపాలు ఉండాలి. మూడోది మిగతా రెండూ ఆరిపోతే తప్ప వాడకూడనిది. వాగు పారే గుహలోకి వానాకాలం అసలే వద్దు. జనం తిరగని బండల కింద తాజా పెంట, గీతల గుర్తులు కనిపిస్తే ఎలుగుబంటో చిరుతో ఆ నీడను వాడుకుంటోందని అర్థం, ఆ రోజుకు తిరిగి వచ్చేయడమే.

కాపలా లేని గుట్టలు

భీమ్‌బేట్కాలో 700కు పైగా శిలాశ్రయాలున్నా చూపించేవి పదిహేనుకు అటూ ఇటూ. మిగతావి అడవిలో ఉన్నాయి, అనుమతి లేనిదే వెళ్లకూడదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత స్థలాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఆ జాబితాకెక్కని గుట్టలే ఎక్కువ. అలాంటి చోట బొమ్మ కనిపిస్తే ఫోటోలు తీసి, బండ ఏ దిక్కుకు ఉందో, పక్కన క్వారీ ఎంత దూరంలో ఉందో రాసి పురావస్తు శాఖకు పంపాలి. క్వారీ దూరం తప్పకుండా రాయాలి. బళ్లారి దగ్గరి కుప్‌గల్ చెక్కడాలకు పెద్ద ముప్పు తెచ్చింది రాళ్లు కొట్టే పనే.

సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు ఫోటోతో పాటు దాగి ఉండే లొకేషన్ సమాచారం తీసేయాలి. ఫోన్ దాన్ని అడగకుండానే చేరుస్తుంది. వెనక కనిపించే చెరువు కట్ట, గుడి గోపురం కూడా చోటు చెప్పేస్తాయి కాబట్టి ఫోటో కత్తిరించి పెట్టడం మేలు.